సావుకారు టీపు రాస్తే సర్కారు నమ్మిన రోజులు

(శ్రీకాకుళంలో ఒక సాయంకాలం సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, నాకన్నా అదే గట్టిగా మాట్లాడుతోంది. సరే.

తెల్లవాళ్ళ పాలనలో మన కుటుంబ వ్యాపారాలు ఎలా లేచాయి, ఎలా పడ్డాయి అన్నది నాకిచ్చిన విషయం. దీనికి మన అందరి దగ్గరా ఒక కథ సిద్ధంగా ఉంటుంది: మనవాళ్ళు హాయిగా వ్యాపారం చేసుకుంటుంటే ఈస్టిండియా కంపెనీ వచ్చింది, అంతా ఊడ్చుకుపోయింది. అబద్ధమేం కాదు గానీ అది సగం కథ. ఆ సగం చెప్పి చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. మిగతా సగం కూడా చెబుతాను, కొందరికి నచ్చకపోయినా సరే. మన పెద్ద సావుకారు ఇళ్ళు చాలావరకు కంపెనీతో పాటే పెరిగాయి. వాళ్ళ పూచీ, వాళ్ళ అప్పు, వాళ్ళ గుమాస్తాలు లేకపోతే దొరలకి పూట గడవని కాలం ఒకటుంది, ఆ కాలమంతా వీళ్ళకి దశ తిరిగింది. ఆ అవసరాలు ఒక్కొక్కటే తీరిపోతూ వస్తే వీళ్ళూ ఒక్కొక్క మెట్టే దిగుతూ వచ్చారు.

మన చికాకోలు సర్కారు, అంటే ఈ శ్రీకాకుళం ప్రాంతం సంగతే చూడండి. 1753లో నిజాం దీన్ని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు, 1757లో బొబ్బిలి కోట కూలింది, 1758 చివర్లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు, 1765లో షా ఆలం ఫర్మానా, మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం, దాంతో ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చింది. ఇదంతా పిల్లల పుస్తకాల్లో ఉంది. ఇంత నేల చేతికొచ్చాక దాని మీద రూపాయి రాబట్టడం ఎలాగో కంపెనీకి తెలియలేదన్న సంగతి మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు. జమీందారు పేష్కషు, అంటే పైవాడికి ఏటా ఇచ్చే కప్పం, కట్టాలి. కిస్తు రోజుకి ఆయన దగ్గర ఉండేది ధాన్యం, అదీ ఇంకా కళ్ళంలోనే. కంపెనీకి కావలసింది వెండి నాణెం, గడువు లోపల. ఈ రెండింటి మధ్యా సావుకారు నిలబడ్డాడు. 'ఈ కిస్తుకి నాది పూచీ' అని టీపు రాసిచ్చేవాడు, అంటే ఇప్పటి ప్రామిసరీ నోటు లాంటి కాగితం. జమీందారు కోటనీ, సిపాయిలనీ, వంశాన్నీ నమ్మని కంపెనీ ఆ కాగితాన్ని నమ్మేది. ఊరికే రాస్తాడా మరి? వడ్డీ ఉంటుంది, పైన కమీషను ఉంటుంది, కొన్నిచోట్ల ఊళ్ళ శిస్తు నేరుగా తనే వసూలు చేసుకునే హక్కు రాయించుకునేవాడు. అంటే రైతు దగ్గర కొలిచిన గింజ మీద జమీందారూ, సావుకారూ, కంపెనీ ముగ్గురూ తినాలి. ఆ లెక్క రైతుకి ఎలా తేలిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇది కుటుంబ వ్యాపారం ఎందుకయిందంటే, అప్పట్లో పూచీకి ఇంటిపేరు తప్ప వేరే ఆధారం లేదు. అన్న ఇక్కడ, తమ్ముడు విజయనగరంలో, అల్లుడు భీమునిపట్నంలో, మేనమామ బందరులో. ఇక్కడ డబ్బు కట్టి హుండీ అనే కాగితం తీసుకుంటే అక్కడ చూపించి తీసుకోవచ్చు, దారిలో దొంగల భయం లేదు. మేనమామ రాసిన హుండీని మేనల్లుడు చెల్లించనంటే ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడు దొరకడు. కోర్టు డిక్రీ కన్నా ఆ భయం గట్టిగా పనిచేసేది. చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. రోజు జరిగినదంతా చిట్టాలోకి, అందులోంచి మనిషి మనిషికీ విడదీసి ఆవర్జాలోకి. పైన శ్రీకారం, సంవత్సరం పేరు, మాసం, తిథి, ఒక పక్క జమ, ఒక పక్క ఖర్చు. కాలు, అర, ముప్పావు, వీసం అన్నీ అడ్డగీతలు, నిలువుగీతలతో వేసేవారు. ఇప్పటి కామర్స్ పిల్లలకి ఆ పేజీ చూపిస్తే ముగ్గనుకుంటారు. కానీ నలుగురన్నదమ్ములు నాలుగు ఊళ్ళలో ఉండి ఒకే పెట్టుబడి తిప్పడానికి ఆ పుస్తకాలు సరిపోయాయి.

ఇది మన ఒక్క జిల్లా సంగతే అనుకోకండి. మద్రాసులో 17వ శతాబ్దంలో కాశీ వీరన్న అని తెలుగు వర్తకుడు, కంపెనీకి పెద్ద వర్తకుడు. ఆయన 1680లో పోతే దొరలు ఏం చేశారో తెలుసా? ఇకమీదట ఒక్క మనిషి చేతిలో ఇంత పట్టు ఉండకూడదని వర్తకులందరినీ కలిపి ఒక ఉమ్మడి మూలధనం కట్టించారు. బెంగాల్లో జగత్‌సేఠ్‌ల ఇల్లు. ఆ బిరుదు 1723లో మొగల్ చక్రవర్తి ఇచ్చింది. నవాబు ఖజానా వాళ్ళ చేతుల మీద నడిచేది. 1757లో కంపెనీ వైపు మొగ్గి నవాబుని దింపడంలో చెయ్యి వేశారు. 1772లో ఖజానా ముర్షీదాబాదు నుంచి కలకత్తాకి పోయింది, దాంతో ఆ ఇంటి పనీ పోయింది. ఎవర్ని గద్దె ఎక్కించారో వాళ్ళకే వీళ్ళ అవసరం లేకుండా పోయింది.

మన దగ్గర అదే పని 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం చేసింది. ఇంత కట్టాలి, ఈ తేదీకి కట్టాలి, కట్టకపోతే ఎస్టేటు వేలం. ఇక సావుకారు టీపు ఎందుకు? భూమే పూచీ. ఒక తరం పాటు కలెక్టరుకీ జమీందారుకీ మధ్య కూర్చున్న మనిషి ఒక చట్టంతో పక్కకి జరిగిపోయాడు. అయితే సావుకారు తెలివితక్కువవాడు కాదు. హవేలీ భూముల్ని, అంటే జమీందారుల కింద లేని సర్కారు సొంత భూముల్ని, ముఠాలనే ముక్కలుగా కోసి వేలం వేస్తుంటే పాట పాడాడు, జమీందారులు బాకీపడి ఎస్టేట్లు వేలానికొస్తే అక్కడా పాడాడు. ఓడలోకి, బట్టలోకి, హుండీలోకి తిరగాల్సిన డబ్బు అప్పటినుంచి మడిచెక్కలోకి దిగడం మొదలెట్టింది. కొనుక్కున్నవాడికి తప్పనిపించలేదు, గౌరవం కూడా పెరిగింది. ఏనుగూ, పల్లకీ, బయట వరండాలో ఎదురుచూసే జనం. వ్యాపారానికి మాత్రం పెట్టుబడి అలా ఎండిపోతూ వచ్చింది.

ఇప్పుడు బట్ట దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ సభలో పొందూరు వాళ్ళున్నారు.

చికాకోలు మస్లిన్‌ని పాత గెజిటీర్లు ఢాకా మస్లిన్ పక్కన పెట్టాయి. దాని వెనక ఉన్న పని ఇప్పటికీ పొందూరులో కళ్ళారా చూడొచ్చు. కొండపత్తి, పునాసపత్తి తెచ్చి వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో పళ్ళు సూదుల్లా దగ్గరదగ్గరగా ఉంటాయి, దువ్వుతుంటే చెత్త రాలి పీచు ఒకే దిక్కుకి సాగుతుంది. తర్వాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, చిన్న విల్లుతో ఏకుతారు, ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. వందో నంబరు నూలు, అంటే చాలా సన్న నూలు, అలా వస్తుంది. ఇదంతా ఒక్క మనిషి పని కాదు. అత్త ఏకితే కోడలు వడుకుతుంది, పిల్లలు కండెలు చుడతారు, మగవాడు మగ్గం మీద కూర్చుంటాడు. కుటుంబ వ్యాపారం అంటే మనకి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనే గుర్తొస్తాడు గానీ, ఈ ఇల్లు కూడా కుటుంబ వ్యాపారమే. దీనికి పేరూ బోర్డూ ఉండవు, అంతే.

ఆ బట్ట విశాఖపట్నం, ఇంజరం, మాడపోలెం ఫ్యాక్టరీల ద్వారా, అంటే కంపెనీ సరుకు కొనే కొఠీల ద్వారా, లండను వెళ్ళేది. బట్ట నాణ్యం పుంజాల్లో లెక్క, పుంజానికి 120 పోగులు, పుంజాలు పెరిగే కొద్దీ బట్ట చిక్కన, ధర ఎక్కువ. మొదట్లో కంపెనీ వర్తకులతో కాంట్రాక్టు చేసుకునేది, వర్తకుడు నేతగాడికి అడ్వాన్సు ఇచ్చేవాడు, నష్టం వస్తే అదీ వర్తకుడి నెత్తినే. బెంగాల్లో 1753లోనే వర్తకుల్ని తీసేసి తమ జీతగాళ్ళు గుమాస్తాల్ని పెట్టుకున్నారు, 18వ శతాబ్దం చివరికొచ్చేసరికి మన వైపూ అదే తంతు. కమర్షియల్ రెసిడెంట్ అనే దొర కూర్చున్నాడు, నేతగాళ్ళలోంచే పెద్దల్ని పట్టుకుని వాళ్ళ ద్వారా అడ్వాన్సు ఇచ్చాడు. అడ్వాన్సు తీసుకున్నవాడు వేరేవాళ్ళకి ఒక్క తాను అమ్మకూడదు. బట్ట ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతు కూర్చుంటాడు, వాడి బత్తా కూడా నేతగాడే ఇచ్చుకోవాలి! పైగా మగ్గానికి మొతర్ఫా పన్ను. గోదావరి వైపు నేతగాళ్ళు మగ్గాలు ఆపి ఎదురుతిరిగిన సందర్భాలున్నాయి.

వర్తకుడు పోతే నేతగాడు బాగుపడ్డాడా అని అడగొచ్చు. బాగుపడలేదు. వర్తకులు నలుగురుంటే ఒకడు ధర తగ్గిస్తే ఇంకొకడి దగ్గరికి పోయేవాడు. ఇప్పుడు కొనేవాడు ఒక్కడు, వాడి చేతిలోనే పోలీసు, వాడి చేతిలోనే కచేరీ. ఆ ఒక్కడు కూడా ఎక్కువకాలం లేడు. 1813లో ఇండియా వర్తకం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, 1833 చట్టంతో కంపెనీ వర్తకమే మానేసింది. అటునుంచి మాంచెస్టరు బట్ట వచ్చి పడింది. ముందు చితికింది వడికే ఆడవాళ్ళు. మిల్లు నూలు చవగ్గా దొరికేసరికి నేతగాడు దాంతో ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆ నూలు అప్పు మీద అమ్మేవాడు, నేసిన బట్ట తనకే ఇవ్వాలనేవాడు ఎవరు? మళ్ళీ మన సావుకారే. లండనుకి బట్ట పంపిన ఇల్లు సీమ నూలు అమ్మే కొట్టయింది. దాన్ని పతనం అనాలా, నెమ్మదిగా వేషం మార్చడం అనాలా మీరే చెప్పండి.

రేవుల సంగతి త్వరగా చెప్పేస్తాను. కళింగపట్నం, భీమిలి, బారువ. ఓడ దూరంగా లంగరేస్తుంది, కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు దానికి చేరేది. నువ్వులు, బియ్యం, నీలిమందు, కరక్కాయలు, గోగునార. తీరం పొడుగునా నడిచే సొంత తెరచాప ఓడలున్న కుటుంబాలుండేవి. వాటి మీదికి ఆవిరి ఓడలు వచ్చాయి. 1862 నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అని పేరు పెట్టుకున్న కంపెనీకి సర్కారు టపా కాంట్రాక్టు డబ్బు అదనం, గాలి వీచినా వీయకపోయినా దానికి ఆదాయం ఖాయం. తెరచాప వాడికి ఎవరిస్తారు టపా? తర్వాత 1893 నుంచి 1896 లోపల తూర్పు తీర రైలు వచ్చింది, అది మన ఊళ్ళోకి కూడా రాలేదు. స్టేషను ఆముదాలవలసలో, పేరు మాత్రం చికాకోల్ రోడ్డు. సరుకు అటు తిరిగింది. 1933లో విశాఖలో హార్బరు తెరిచాక కళింగపట్నంలో మిగిలింది లైట్‌హౌసు.

ఉప్పు కూడా అంతే. 1805లో మద్రాసు సర్కారు ఉప్పు మీద గుత్తాధిపత్యం తన చేతిలోకి తీసుకుంది. నౌపడ లాంటి చోట్ల పండించేవాడు సర్కారుకే అమ్మాలి, సర్కారు చెప్పిన ధరకి. ఆ ఉప్పు ఎడ్ల మీద వేసుకుని సాలూరు ఘాటీ ఎక్కి జయపురం, బస్తరు దాకా పోయే బంజారాలవి పూర్తిగా కుటుంబ వ్యాపారాలు, మొత్తం తండా నడిచేది. బళ్ళ రోడ్డు వచ్చింది, రైలొచ్చింది, ఆ ఎడ్ల బిడారాలు మాయమయ్యాయి. సాలూరు మాత్రం రవాణా వదల్లేదు, ఇవాళ అక్కడ లారీలు కనబడతాయి.

కోర్టుల గురించి ఒక్క మాట, ఇది ఎవరూ పట్టించుకోరు. 1859లో కాలపరిమితి చట్టం వచ్చింది, మామూలు బాకీకి మూడేళ్ళు. మనవాళ్ళు ఇప్పటికీ నోటుకి కాలదోషం పడుతుందని తిరగరాయించుకుంటారు చూశారా, ఆ తిరగరాత అక్కడ మొదలైంది. అంతకుముందు తాత బాకీ మనవడి దాకా నడిచేది, పంట పోయిన ఏడు సావుకారు ఊరుకునేవాడు, ఎందుకంటే బాకీ ఎక్కడికీ పోదు. ఇప్పుడు ఊరుకుంటే పోతుంది. తిరగరాసిన ప్రతిసారీ వడ్డీ అసల్లో కలుస్తుంది. తర్వాత 1872 సాక్ష్య చట్టం, 34వ సెక్షను: క్రమంగా రాస్తూ వచ్చిన లెక్కల పుస్తకాలు పరిశీలనకి పనికొస్తాయి గానీ, వాటినొక్కదాన్నే పట్టుకుని ఎవరి మీదా బాకీ నిలబెట్టడానికి వీల్లేదు. చదువురాని రైతు కోణంలో అది న్యాయమే, నేను కాదనను. కానీ ఇంటి పరువే పూచీగా, చిట్టాయే ప్రమాణంగా నడిచిన వ్యాపారానికి ఆ సెక్షను పెద్ద దెబ్బ. ఇక స్టాంపు కాగితం, సాక్షి సంతకం, ప్లీడరు ఉండాల్సిందే. కొత్తగా బాగుపడిన ఇళ్ళల్లో ప్లీడర్ల ఇళ్ళు చాలా ఉన్నాయి.

'మనవాళ్ళకి పెద్ద కంపెనీలు నడపడం చేతకాలేదు, అన్నదమ్ములు కొట్టుకుని చెడ్డారు' అనేవాళ్ళున్నారు. కొట్టుకున్నారు, నిజమే. దత్తత దావాలు లండన్లో పెద్ద కోర్టు, ప్రీవీ కౌన్సిలు దాకా పోయాయి, పెళ్ళిళ్ళకి ఎస్టేట్లు తాకట్టు పెట్టారు. కానీ చేతకాకపోవడం మాత్రం నిజం కాదు. ద్వారకానాథ్ ఠాగూర్‌ని చూడండి, రవీంద్రుడి తాతగారు. కంపెనీ వారి ఉప్పు, నల్లమందు శాఖలో దివానుగా చేసిన మనిషి, 1829లో యూనియన్ బ్యాంకు పెట్టినవాళ్ళలో ఒకడు, 1834లో కార్ అనే ఇంగ్లీషాయనతో కలిసి కార్ ఠాగూర్ కంపెనీ పెట్టాడు, రాణీగంజ్ బొగ్గు గనులు కొన్నాడు, ఆవిరి పడవలు నడిపాడు. 1846లో లండన్లో పోయాడు. 1848 నాటికి బ్యాంకూ మునిగింది, కంపెనీ మూతపడింది. బ్యాంకు డబ్బంతా నీలిమందు కంపెనీలకి అప్పుగా పోయింది, లండన్లో ధర పడిపోతే కలకత్తాలో కుప్పకూలింది. ఆ కుటుంబాన్ని నిలబెట్టింది ముందే ట్రస్టులో పెట్టిన భూములు. దాంతో మిగతావాళ్ళకి ఏం పాఠం అందిందో చూడండి: వ్యాపారం మునుగుతుంది, భూమి ఉంటుంది.

మరి తెల్లవాళ్ళ కంపెనీలు మునగలేదా? భేషుగ్గా మునిగాయి. అర్బత్‌నాట్ కంపెనీ పేరు మన పాలకొండ వాళ్ళ పెద్దలకి బాగా తెలుసు, 1840ల నుంచి ఆ ఎస్టేటు కౌలుకి తీసుకుని నీలిమందు పండించింది. మద్రాసులో దాని బ్యాంకుంటే పెన్షనర్లు, విధవలు, గుడుల ధర్మకర్తలు దాచుకునేవారు, దొర బ్యాంకు కదా, టెన్షన్ ఉండదని. 1906 అక్టోబరు 22న తలుపులు మూసింది. సర్ జార్జి అర్బత్‌నాట్‌కి 18 నెలల కఠిన శిక్ష పడింది. అది కూడా కుటుంబ వ్యాపారమే సుమండీ! మన సావుకారు దివాలా తీస్తే దేశీయుల వెనకబాటుతనం, అర్బత్‌నాట్ దివాలా తీస్తే ఒక పెద్దమనిషి పొరపాటు. ఆ దెబ్బకే మద్రాసు వాళ్ళు పట్టుపట్టి 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టుకున్నారు.

ఇప్పుడు నచ్చని సగానికి వస్తాను. పేష్కషు పూచీ పోయి, ఎగుమతి బట్ట పోయి, ఓడ పోయి, ఆఖరికి మన సావుకారు డబ్బు ఎటు పోయింది? కొంత భూమిలోకి, కొంత బియ్యం మిల్లుల్లోకి, కొంత పిల్లల చదువుల్లోకి, మంచిదే. కొంత కొండెక్కింది. పార్వతీపురం, పాలకొండ, సీతంపేట పైన సవర, జాతాపు గిరిజనులకి ధాన్యం నాముకి, అంటే వడ్డీ మీద అప్పుగా ఇచ్చి, కల్లంలో రెట్టింపు కొలుచుకుని, తీర్చలేకపోతే పోడుకి దిగువన బాగుచేసుకున్న పల్లపు మడి రాయించుకుని, ఆ మడి సొంతదారుణ్ణే కంబారిగా, అంటే పాలేరుగా పెట్టుకున్నారు. పెద్ద పెద్ద మార్కెట్లలో దొరతో పోటీ పడలేని డబ్బు, లెక్క రాయడం రాని మనిషి దగ్గర సింహం అయింది. ఇది మద్రాసు సర్కారుకి కూడా తెలిసి 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండవాడి భూమి అధికారి అనుమతి లేకుండా పరాయివాడికి మారకూడదు, వడ్డీకి హద్దుండాలి అని. కాగితం మీద బాగానే ఉంది. ఆ రోజులు చూసిన పెద్దలు ఈ హాల్లో ఉన్నారు, 1967లో లేవిడి దగ్గర తుపాకీ పేలిన తర్వాత ఈ జిల్లా ఏమైందో మీకు నేను చెప్పేదేముంది. ఆ గిరిజన పోరాటంలో పదే పదే వినబడ్డ మాట షావుకారు. కాబట్టి దేశీయ వ్యాపార కుటుంబం అనగానే కన్నీళ్ళు పెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. అన్యాయం జరిగిన మాట నిజం, ఆ అన్యాయాన్ని కింద ఉన్నవాడి మీదకి దొర్లించిన మాటా నిజం.

భూమిని నమ్ముకున్న వాళ్ళ కథ కూడా 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసింది. దొరలు వెళ్ళిన మరుసటి ఏడే. అప్పుడు మిగిలినవాళ్ళెవరంటే భూమిలో పూర్తిగా దిగిపోకుండా ఇంకా సరుకు తిప్పుతున్న చిన్న ఇళ్ళు. రాజాం, బొబ్బిలి, పార్వతీపురం సంతల్లో గోగునార కొని మిల్లులకి వేసిన కమీషను వ్యాపారులు. లోకానికి దాని పేరు బిమ్లీ జూటు. జమీందారీ హంగు లేదు, టీపులు రాసిన చరిత్రా లేదు, రేటు మాత్రం బాగా తెలుసు. రాజాంలో అలాంటి జూటు ఇంట్లో పుట్టినాయన ఇవాళ విమానాశ్రయాలు నడుపుతున్నారు, భోగాపురం పని కూడా వాళ్ళదే, జీఎంఆర్ అన్న పేరు మీకు తెలుసు.

అదిగో, టీ వచ్చింది. జూటు గురించి నేను తొందరలో తేల్చేశాను, నెల్లిమర్ల, చిట్టివలస జూటు మిల్లుల ఊళ్ళ వాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళే అడగండి. మైకు అటు ఇవ్వండమ్మా.